ఖాళీగా రాని పెట్టెలు

ఆకాశంలో కాకులకన్నా పార్శిలు డ్రోన్లే ఎక్కువైన రోజులవి. మంగళగిరి డిపోలో సుభాషిణి ఉద్యోగం పర్మనెంటవుతుందో, ఊడుతుందో ఆ ఉదయం తేలాలి. ఆమె నడిపే డ్రోన్లు సరుకు దింపేశాక కూడా నిండు చూలాళ్లలా మెల్లగా తేలుతూ, ఆలస్యంగా వస్తున్నాయి మరి.

సూపర్‌వైజరు జిలానీ ఒక పెట్టె మూత తీశాడు. లోపల జామకాయలు. ఇంకోదాంట్లో వేడివేడి గారెలు.

"ఏందమ్మా ఇది?"

"ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపరు కద సార్. నా డ్రోన్లు పోయే వీధి ఆడోళ్లకి పెట్టైనా అంతే. వద్దంటే నన్నే తిట్టారు."

జిలానీ గారె కొరికాడు.

"ఆ వీధి ఇక నీదే, పర్మనెంటుగా. ఏ ఇంటినుంచైనా పెట్టె ఖాళీగా వచ్చిందనుకో, ఆ ఇంట్లో ఏదో కష్టమున్నట్టే. డ్రోన్ని పంపకు. నువ్వే పోయి పలకరించిరా."