తాలింపు చప్పుడు

హుస్సేన్‌బీ ఫోనును పొయ్యి గట్టు మీద పెట్టి, కాగిన నూనెలో ఆవాలు వేసింది.

"వినపడతన్నాయా?"

"ఒక్కొక్కటీ వినపడతాంది," అన్నాడు మంచుకొండల్లో కాపలా ఉన్న భర్త దస్తగిరి.

సైన్యం కొత్త వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను పరీక్షించే రోజునే జవాన్లను ఇళ్లతో మాట్లాడనిస్తారు. వేల కుటుంబాలు ఒకేసారి మాట్లాడితే ఆ బరువుకు మాట తెగుతుందేమో చూస్తారు. తెగిందని ఇంటివాళ్లు చెబితే, బాగుచేసి వచ్చే వారం మళ్లీ పరీక్ష పెడతారు. తెగలేదంటే నెట్‌వర్క్ యుద్ధానికి వెళ్లిపోతుంది. ఇక ఇంటి మాటలకు అందులో చోటుండదు.

ఇన్ని వారాలూ తెగుతూనే వచ్చింది. ఈరోజు తెగలేదు.

"నీకేమన్నా అయితే సాయానికి దీంట్లోనే పిలుస్తావా?" అందామె.

"దీంట్లోనే. వేరేది లేదుగా."

ఆమె రెబ్బ నుంచి ఆకులు దూసింది. "కరివేపాకు వేస్తన్నా, విను."

ఆకు చిటపటలాడుతుండగానే పరీక్షాకేంద్రం మనిషి లైనులోకి వచ్చాడు. "అమ్మా, మాట ఎక్కడైనా తెగిందా?"

తెగిందనే చెప్పాలని పొద్దుటి నుంచీ అనుకుంటోంది.

"యాడా తెగలేదు సార్. ఆయన ఊపిరి కూడా వినపడింది."

లైను ఆగిపోయింది. హుస్సేన్‌బీ మూకుడు ఎత్తి, మూగబోయిన ఫోను వైపు వంగింది.

"పప్పులో పోస్తన్నా, విను."