చక్రాల చెక్క

“గేటు వేసేయండి! ఈ పిల్ల బయటికి పోకూడదు!”

అంకమ్మరావు కేక పూర్తికాకముందే వెంకటరావమ్మ వెళ్లి వేదశ్రీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కోల్డ్ స్టోరేజీ అంకమ్మరావుదే. అందులో ఆమె దాచుకున్న మిరపకాయలు పన్నెండు టిక్కీలు మాయమయ్యాయని తెలిసి పావుగంటే అయింది. ప్రత్తిపాడులో రెండెకరాల కౌలు చేను మీద ఏడాది పడ్డ కష్టంలో అప్పులకు పోగా మిగిలిందంతా ఆ పన్నెండు బస్తాల్లోనే ఉంది.

వేదశ్రీ అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. బ్రాడీపేట నుంచి రోజూ ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు మీద నిలబడి, వెనక రేకుల షెడ్డు ముందు నుంచే లోపలికి వస్తుంది. హ్యాండిల్ లేదు, సీటు లేదు, చేతిలో చిన్న రిమోటు మాత్రం ఉంటుంది. ఆ వాలకం వెంకటరావమ్మకు చూసిన రోజు నుంచీ అనుమానమే.

“నేనేం చేశానండీ?” అంది వేదశ్రీ.

“ఏం చేశావా? నిన్న లారీ రాలేదు, హమాలీలు బస్తా ఎత్తలేదు. మరి నలభై కిలోల టిక్కీలు నడిచి వెళ్లాయా? నీ చెక్క మీద పెట్టి రిమోటు నొక్కితే అదే దొర్లుకుంటూ వెనక గేటు దాకా పోతుంది. నిన్న సాయంత్రం అందరికంటే ఆఖర్న వెళ్లింది నువ్వేగా?” అన్నాడు అంకమ్మరావు.

“నేనే. ఛార్జింగ్ అయిపోతే ఎక్కేదాకా ఆగాను.”

“అయిపోదూ మరి! పన్నెండు సార్లు తిప్పావాయె!” అంది వెంకటరావమ్మ.

“మీరు కూడానా పిన్నిగారూ?”

“ఆ వరసలు తర్వాత కలుపుదువుగాని. ముందు ఆ చెక్క ఇటివ్వు.”

వేదశ్రీ బోర్డును గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. “ఇవ్వను. మీరు పడేస్తే పాడైపోతుంది.”

“చూశావా అక్కా, ఎలా దాచుకుంటోందో!” అంకమ్మరావు బోర్డు లాక్కుని తిరగేశాడు. చక్రాల సందులో నాలుగు ఎర్రటి కాయలు ఇరుక్కుని ఉన్నాయి.

వేదశ్రీ వంగి చూసింది. “అవి... అవెలా వచ్చాయో నాకు తెలీదు.”

“తెలీదంట! ఆ ముక్క పోలీసులకు చెబుదువుగాని.” ఆయన ఫోను తీశాడు.

వెంకటరావమ్మ ఒక కాయ లాగి మధ్యకు తుంచింది. గింజ నాలుక మీద వేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“నా కాయే! నా చేలో కాయ నాకు తెలీదా? ఎంత పని చేశావే!” అని చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. మిగతా మూడు కాయలూ లాగి అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

“అంకమ్మరావూ, నేను దింపింది తొడిమ తీయని కాయ. వీటికి తొడిమల్లేవే?”

“చక్రాల కింద నలిగి ఊడిపోయుంటాయిలే అక్కా.”

“కాయ చిట్లలేదు, తొడిమ మాత్రం ఊడిందా? నాలుగింటికీనా?”

ఆమె గిర్రున తిరిగి వెనక రేకుల షెడ్డు వైపు నడిచింది. అక్కడ కుప్ప చుట్టూ కూర్చుని పదిమంది ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు.

“అటెందుకక్కా, ఘాటు!” వెనకే పరుగెత్తుకొచ్చాడు అంకమ్మరావు.

“మిరప ఘాటు నాకు కొత్తా?”

ముందు వరసలో ఉన్న మస్తాన్‌బీ ముందు ఆమె అరచెయ్యి చాపింది. “ఏమ్మా, ఈ కాయ ఎక్కడైనా చూశావా?”

మస్తాన్‌బీ చేతిపని ఆపకుండానే నవ్వింది. “చూడ్డమేంటమ్మా, తీసింది మేమే! పొద్దున్నుంచీ ఈ కాయే గిల్లుతున్నాం. పన్నెండు టిక్కీలు. సాయంత్రానికల్లా అయిపోవాలని ఒకటే తొందర.”

“ఎవరికమ్మా అంత తొందర?”

మస్తాన్‌బీ తలెత్తి, వెంకటరావమ్మ భుజం మీదుగా వెనక్కి చూసింది.

“ఇంకెవరికి? అదిగో, కుప్ప పోయించిన మా అంకమ్మరావు గారికే!”