మంచె మీద ఇద్దరు

“సెకనుకి మూడు వేల అడుగులు మావయ్యా! పంది చెవికి చప్పుడు చేరేలోపే తూటా దాన్ని దాటిపోతుంది.”

వాసిం దరఖాస్తు కాగితాన్ని అరుగు మీద పరిచి, గాలికి ఎగరకుండా సెల్‌ఫోను పెట్టాడు. కొత్త రైఫిలు, దానికి సరిపడే కొత్తరకం తూటాలు కొనుక్కోవడానికి అనుమతి అడిగే దరఖాస్తు అది. అబ్దుల్ ఖాదర్ సంతకం ఒక్కటే మిగిలింది.

“దాటిపోయి ఎక్కడికెళ్తుంది?” అన్నాడు ఖాదర్. మేనల్లుడి వంక చూడకుండా భార్య కాలికి నువ్వులనూనె మర్దనా చేస్తున్నాడు.

“ఎక్కడికో పోతుంది. మనకెందుకు?”

ఖాదర్ గిన్నెలోంచి ఇంకాస్త నూనె తీసుకున్నాడు.

జోహరాబీ ఎడమకాలు మోకాలి కిందనుంచి వంకర తిరిగిపోయింది. పన్నెండేళ్ళ కిందట పొద్దు పొడవకముందు పత్తిచేలో ఆమెను అడవిపంది కుమ్మిందని దర్శి చుట్టుపక్కల తెలియని రైతు లేడు. పందుల్ని కాల్చుకోనివ్వమని ఊరంతా కలిసి అటవీశాఖకు పెట్టుకున్న అర్జీలో మొదటి పేరు ఆమెదే. అనుమతి వచ్చింది. ఊళ్ళో లైసెన్సు తుపాకీ ఉన్నది మాత్రం ఖాదర్ ఒక్కడికే.

“కుర్రాడి మాట సబబుగానే ఉందయ్యా ఖాదరూ,” అన్నాడు రాధాకృష్ణమూర్తి మాస్టారు. ఆయన రిటైరయ్యాక పత్తి వేశాడు. పచ్చికాయలు పందులు కొరికేస్తున్నాయన్న దిగులుతో పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. “ఈ కొత్త తూటా మూడొందల గజాలైనా గురి తప్పదట. నీ పాతది నూరు గజాలు దాటితే నేల చూస్తుంది.”

“నేల చూస్తేనే మంచిది మాస్టారూ.”

“బాగుందయ్యా! నువ్వు కాల్చేదే నలభై అడుగుల్లో. అదీ మంచె మీంచి కిందికి. నీ మంచె కిందికొచ్చి నిలబడి కాల్చించుకునే పంది ఎక్కడ దొరుకుతుంది? దానికి కబురంపుతావా?”

జోహరాబీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారికి హుషారొచ్చింది.

“పైగా పెళ్ళాన్ని వీపున మోసుకుని మంచె ఎక్కి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటేగానీ తుపాకీలో తూటా పెట్టవు. ఊళ్ళో ఆడవాళ్ళంతా మొగుళ్ళని దెప్పుతున్నారు, ఖాదర్ని చూసి నేర్చుకోమని. ఏం, జోహరాబీ పక్కన లేకపోతే భయమా?”

“భయమే,” అన్నాడు ఖాదర్.

మాస్టారు పగలబడి నవ్వాడు. వాసింకి నవ్వు రాలేదు. కౌలుకి తీసుకున్న రెండెకరాల మొక్కజొన్నలో అరెకరం మొన్న ఒక్కరాత్రిలో నేలమట్టమైంది. కంకులు పాలుపోసుకుంటున్నాయి. ఇంకో వారం ఇలాగే సాగితే చేలో చొప్ప కూడా మిగలదు. నిన్న ఆ పడిపోయిన మొక్కల మధ్య నిలబడితే అతనికి ఏడుపొచ్చింది.

“మావయ్యా, మంచె దగ్గరికి అవి రావడం మానేసి చాలా రోజులైంది. చేను అవతలి గట్టునుంచి దిగి, అటునుంచి అటే పోతున్నాయి. వాటిని దూరం నుంచే కొట్టాలి. సంతకం పెట్టు.”

“పెట్టనురా.”

“ఎందుకు పెట్టవు?”

“నా చూపు ఆగిన చోట తూటా కూడా ఆగాలి. ఆగని తూటా నాకొద్దు.”

“ఈ సూక్తులు పందులకి చెప్పు, వింటాయి!” వాసిం గొంతు లేచింది. “కోపం తెచ్చుకున్నా సరే, ఈరోజు అడిగేస్తా. ఆ రోజు నీ చేతిలో ఇలాంటి తూటా ఉంటే ఆ పంది అత్త దాకా వచ్చేదా? పోనీ, తర్వాతైనా ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళావా? మా బుడాన్ మావ కాంపౌండరే కదా అని ఇంట్లోనే కట్టు కట్టించావు. అత్తని కుంటిదాన్ని చేసింది పంది కాదు, నువ్వే!”

ఖాదర్ చెయ్యి ఆగిపోయింది. నూనెగిన్నె పక్కకి జరిపాడు. చేతులైనా తుడుచుకోకుండా లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

“నోరు జారావురా వాసిం,” అంటూ మాస్టారు కండువా దులుపుకుని లేచాడు.

అరుగు మీద కాగితం అలాగే ఉంది. వాసిం తల దించుకున్నాడు.

“లోపలికి రా,” అంది జోహరాబీ.

ఆమె గోడవారగా కుంటుకుంటూ వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. అడుగునున్న పాత చీరల మడతల్లోంచి చిన్న సున్నపు డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. మూత తీస్తే పత్తి. పత్తిలో చింతగింజంత సీసపు ముక్క, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది.

“ఏంటత్తా ఇది?”

“మీ మావయ్య తూటా. నూరు గజాలు దాటితే నేల చూస్తుందని మాస్టారు వెక్కిరించారే, ఆ పాతదే. ఆ రోజు పందికి తగిలింది. డొక్కలోంచి దూరి అవతలికి వచ్చేసింది.”

“తగిలిందా? పంది తప్పించుకుందనే కదా ఇన్నాళ్ళూ చెప్పారు!”

“అక్కడే పడి చచ్చింది.”

వాసిం ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఏదో పొసగడం లేదు.

“అవతలికి వచ్చేసిన తూటా అంత పత్తిచేలో మావయ్యకి ఎలా దొరికింది?”

“ఆయనకి దొరకలేదు. బుడాన్ తీశాడు.”

“బుడాన్ మావా? ఎక్కణ్ణుంచి?”

జోహరాబీ పెట్టె మూత వేసి, దాని మీద కూర్చుంది.

“నా కాల్లోంచి.”