గంప కింద కాకిపిల్ల

జగదేవప్ప చెప్పులు వేసుకుని వాకిట్లోకి రెండడుగులు వేశాడో లేదో, నెత్తిన ఠప్పున దెబ్బ పడింది. తల మీదుగా కాకి ఎగిరిపోయింది. వచ్చినంత వేగంగా వెనక్కి పరుగెత్తి గుమ్మంలో పడ్డాడు.

"తన్నిందా?" అంది భార్య మహానంద.

"తన్నక ఏం జేస్తది? పిల్లను గంప కింద మూసిపెడితివి. ముందుగాల అది తియ్యి, దుకాణం తెర్వాలె."

గేటు పక్కన గంప బోర్లించి ఉంది. కాకిపిల్ల కిందపడిందని, పిల్లి నోట పడకుండా పక్కింటి రామవ్వ కోళ్లను మూసే గంప అడిగి తెచ్చానని పొద్దున్నే మహానంద చెప్పింది. గంప సందుల్లోంచి పిల్ల అరుస్తోంది. పిల్ల అరిచినప్పుడల్లా వేపచెట్టు మీది తల్లీతండ్రీ కాకులు వాకిలంతా ఒకటి చేస్తున్నాయి. మహానంద జోలికి మాత్రం పోవు. రోజూ గోడ మీద మెతుకులు పెట్టే చెయ్యి కదా.

గంప తీస్తే పిల్లి ఎత్తుకుపోతుంది, ఆ పాపం ఎవరికని మహానంద అడిగింది. అయినా ఇప్పుడు గంప తీసీ లాభం లేదంది. కాకి నెత్తిన తన్నిందంటే చావుదోషం. దానికి పెద్దలు చెప్పిన విరుగుడు ఒకటే ఉంది. మనిషి పోయాడని అయినవాళ్లకు ఉత్తుత్తి కబురు పంపాలి, అది విని ఒక్కరైనా నిజంగా ఏడవాలి. ఏడ్చేదాకా గడప దాటకూడదు.

జగదేవప్ప కసురుకున్నాడు. వానలు పడ్డాయి, కంది విత్తనాల కోసం రైతులు దుకాణం ముందు నిలబడి ఉంటారు. కసరడమైతే కసిరాడు గానీ చెప్పులు విడిచేశాడు. ఎవరో తుమ్మారని ఎక్కిన బస్సు దిగిపోయే మనిషి ఆయన.

కూతురు నేహకు చెప్పొద్దని ముందే అన్నాడు. అది కడుపుతో ఉంది. సరేనని మహానంద బీదర్‌లో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసి, ఆయనకూ వినబడేట్టు స్పీకర్ పెట్టింది. సంగతి వినగానే అతను పకపకా నవ్వి, బావను కాకి తన్నిందా అక్కా అన్నాడు. నవ్వితే దోషం పోదు. తర్వాత మొగులప్పకు చేసింది. ముప్పై ఏళ్లుగా రోజూ జగదేవప్ప దుకాణంలోనే చాయ తాగే దోస్తు. అయ్యో అన్నాడు, మంచి మనిషి అన్నాడు, ఆ వెంటనే తన విత్తనాల సంచి లోపలే ఉండిపోయిందని, షట్టర్ ఎవరు తీస్తారని అడిగాడు.

జగదేవప్ప నడింట్లో మంచం మీద కూలబడ్డాడు. బయటికి పోదామంటే కాకులు, లోపల ఉందామంటే ఆ ఫోను. తను నిజంగా పోయినా ఇంతేనా అని భయం వేసింది. ఇల్లంతా ఇరుకైపోయింది. కిటికీ తెరవబోతే ఊచల మీద కాకి వాలింది. మూసేశాడు.

"ఇంకొక్కడున్నడు," అంది మహానంద.

"వాని పేరెత్తకు. నేను పోతే పండుగ జేస్కుంటడు."

వాడంటే సిర్గాపూర్‌లో సేద్యం చేసుకునే తమ్ముడు శంభులింగ. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, ఆరేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడినా మొహాలు తిప్పుకుంటారు.

మధ్యాహ్నమైంది. గంప కింద పిల్ల అరుపు ఆగలేదు. జగదేవప్ప గోడకేసి చూస్తూ, "నీ ఇష్టం," అన్నాడు.

మహానంద ఫోన్ కలిపింది. "శంభూ, మీ అన్న పోయిండు."

అవతల లైను కట్టయింది. జగదేవప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గంట దాటిందేమో, గేటు దభాలున తెరుచుకుంది. శంభులింగ. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా నల్లరేగడి మట్టి. కాకులు రెండూ మీదపడి తన్నుతున్నా చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. "అణ్ణా," అంటూ గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపుకు జగదేవప్ప లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. శంభులింగ తలెత్తి చూసి, చూస్తూనే ఉండిపోయాడు.

"కాకి తన్నింది," అన్నాడు జగదేవప్ప, తప్పు చేసినవాడిలా. "గీ పద్ధతి నీకు ఎర్కే కద."

"ఎర్కే. నువ్వు పోయినవ్ అనంగనే అది యాదికి రాలే."

వదిన నీళ్ల చెంబు అందిస్తూ మరిదిని అడిగింది. "నిన్ను గూడ తన్నినయ్ గద శంభూ. ఇగ నీ కబురు ఎవరికి పంపాలె?"

ఎవరికీ పంపే పని పడలేదు. జగదేవప్ప అప్పటికే తమ్ముడి భుజాలు పట్టుకుని ఏడుస్తున్నాడు.

అన్నదమ్ములిద్దరికీ ఒకే పళ్లెంలో జొన్నరొట్టెలు పెట్టి మహానంద వాకిట్లోకి వచ్చింది. ఆమె కోసమే చూస్తున్నట్టు గోడ అవతల నుంచి రామవ్వ పిలిచింది.

"నా గంపతోని పనైందా మహానందమ్మా? గా పిల్ల నిన్ననే ఎగురుడు నేర్చె. గోడ మీద ఆడుతున్నదాన్ని మెతుకులేసి పట్టి మరీ ఎందుకు మూసినవ్?"

"పనైంది రామవ్వా, తీస్కపో," అని మహానంద గంప ఎత్తింది, కాకిపిల్ల రివ్వున ఎగిరి వేపచెట్టు చివరి కొమ్మ మీద వాలింది.