నడవని టెస్టు

“నాలుగోసారి కూడా ఆగిపోయిందమ్మా,” అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండానే.

కౌంటరుకి అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నర్సమ్మ, ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపింది. ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఓపికకి కొదవ లేదు. ఆ ఓపికే ఇవాళ మెకానిక్ ప్రాణం మీదికి వచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేది.

విషయం చిన్నదే. ఆవిడ కంప్యూటర్ పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. నర్సింగ్ చదివే పిల్లల కోసం ఆవిడ పాఠాలు టైపు చేస్తోంది. కాలిన గాయాలకి కట్టు కట్టడం గురించి రాసిన పాఠం మూడుసార్లు ఎగిరిపోయింది. మూడుసార్లూ మొదటి అక్షరం నుంచి మళ్లీ కొట్టింది. నెలాఖరుకి పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి.

మేనల్లుడు ఫోనులోనే తేల్చేశాడు. పాడైంది మెమరీయే, అదే ర్యామ్. దాన్ని పరీక్షించే టెస్టు కంప్యూటర్లోనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే దానంతటదే నడుస్తుంది, కాసేపట్లో నిజం బయటపడుతుంది. “నీ కళ్లముందే చేయించుకో అత్తా,” అని మరీ మరీ చెప్పాడట.

“వాడికి ఎవరి మీదా నమ్మకం ఉండదు నాయనా,” అంది నర్సమ్మ. “మెమరీ పాడవడమేంట్రా, పోయినేడే కదా ఈ షాపులోనే మనవాడు కొత్తది వేశాడూ అన్నాను. వింటేనా?”

మెకానిక్ దుమ్ము తుడిచే పసుపు గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. షాపు తెరిచి ఉన్నంతసేపూ ఆ గుడ్డ అతని ఎడం చేతిని వదలదు.

వీధిలో అతన్ని ‘నిఖార్సు’ అంటారు. అసలు పేరు అతని రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎవరింట్లో కంప్యూటర్ మూలిగినా “నిఖార్సు దగ్గరికి పట్టుకెళ్లు” అంటారు. పన్నెండేళ్లుగా ఆ పేరే అతనికి తిండి పెడుతోంది. షాపు బోర్డు మీద కూడా ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని తానే రంగుతో రాసుకున్నాడు. అలాంటి షాపులో, కంప్యూటర్‌కి పుట్టుకతో వచ్చిన టెస్టు గంటన్నరగా నడవడం లేదు. ఆ పేరుకి తగినవాడు ఓ పెద్దావిడ ముందు నీళ్లు నములుతున్నాడు.

ప్రింటర్ చంకన పెట్టుకుని వంతు కోసం నిలబడ్డ ట్యూషన్ మాస్టారు ఊరుకోలేదు. “ఏంటి నిఖార్సూ, ఇవాళ నీకూ చుక్కెదురేనా?”

మెకానిక్ సిగ్గుతో చచ్చిపోయాడు. నవ్వబోయాడు కానీ మూతి సహకరించలేదు.

నర్సమ్మ ఫోను కౌంటరు మీద పెట్టి స్పీకరు నొక్కింది. మేనల్లుడి గొంతు వచ్చింది.

“అన్నా, త్వరగా ఆన్ అయ్యే ఆ ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగు తీసేశారా?”

“తీసేశాను బాబూ.”

“అయితే కీబోర్డులో ఎస్కేప్ బటన్ ఇరుక్కుందేమో. ఆ పేజీలో అది నొక్కుకుపోతే టెస్టు రద్దయిపోయి, మామూలుగా ఆన్ అయిపోతుంది. వేరే కీబోర్డు పెట్టి చూడండి.”

మెకానిక్ అట్టపెట్టెలోంచి కొత్త కీబోర్డు తీశాడు. తగిలించాడు. గుడ్డతో తుడిచాడు. రీస్టార్ట్ కొట్టాడు.

ఫ్యాను రొద పెట్టింది. తెర నల్లబడింది, తర్వాత నీలంగా వెలిగింది. “వచ్చింది, వచ్చింది!” అన్నాడు మాస్టారు, సొంత పిల్లాడు పాసైనంత సంబరంగా. ఒక శాతం. రెండు. నాలుగు. అంతలో పేజీ మాయమై, నర్సమ్మ ఎప్పుడో పెట్టుకున్న మందార పువ్వు బొమ్మ తాపీగా ప్రత్యక్షమైంది.

“పోయింది,” అన్నాడు మెకానిక్.

ఫోనులో మేనల్లుడు నోరు చప్పరించాడు. “కీబోర్డు మార్చినా అంతేనా? ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదన్నా.”

“ఇక్కడ నా ప్రింటర్ ముసలిదైపోతోంది,” అని గొణిగి, మాస్టారు దాన్ని కౌంటరు మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

నర్సమ్మ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది. “నీకు బీపీ ఉందా నాయనా? ఫ్యాను కింద కూర్చుని ఈ చెమటలేంటి? ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు.”

అతను కుడి చెయ్యి చాచాడు. ఆవిడ మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఆ చేతివేళ్లు చల్లగా, మెత్తగా ఉన్నాయి. మూడుసార్లు ఎగిరిపోయిన పాఠాన్ని మూడుసార్లూ కొట్టింది ఆ వేళ్లే. అది తలపుకి వచ్చి అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు.

“పరుగులు పెడుతోంది,” అందావిడ. “మనసులో ఏదైనా ఉంటే చెప్పెయ్యాలి. లోపల పెట్టుకుంటే మంచిది కాదు.”

“ఏం లేదమ్మా. మీ టైమంతా వృథా చేశానని...”

“నాకేం తొందర లేదు. ఇంకోసారి పెట్టు. నీకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు.”

మళ్లీ రీస్టార్ట్. నీలం పేజీ. ఒక శాతం. రెండు. మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి మందార పువ్వు.

నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. మరీ అంత నమ్మకంగా చూడకమ్మా అని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

“సరేరా, తర్వాత చేస్తాను,” అని మేనల్లుడి ఫోను కట్టేసింది నర్సమ్మ. ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది. లేచి గుమ్మం దాకా వెళ్లి, మాస్టారు మలుపు తిరిగాడా లేదా చూసి, మళ్లీ వచ్చి కౌంటరు మీదికి వంగింది.

“కొత్త ర్యామ్ వెయ్యి నాయనా, ఈసారి నిజంగా కొత్తది,” అంది, గోడకి కూడా వినపడనంత మెల్లగా, “ఇక ఆ గుడ్డ కింద ఎస్కేప్ బటన్ మీద నుంచి వేలు తీసెయ్.”