దారిపొడుగునా దణ్ణాలు

“గుర్రాన్ని అమ్మేస్తే రేపట్నించి నాకు దణ్ణం పెట్టేవాడెవడే?” అన్నారు ధర్మరాజు గారు, వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి.

గొంతు తగ్గించడం ఎందుకంటే, వీధి అరుగు మీద మేనల్లుడు తాతబ్బాయి కూర్చుని ఉన్నాడు. గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తరోజులవి. కొత్తపేట పక్కన దొరలు తవ్విస్తున్న కాలువ మీద తాతబ్బాయికి మేస్త్రీ పని ఖాయమైంది. కాకపోతే గట్టు పొడుగునా రోజూ తిరిగి చూసుకోవాలి గనక, గుర్రం ఉన్నవాడికే ఆ కొలువు. సాయంత్రంలోగా గుర్రంతో వెళ్లి కనపడకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. చుట్టుపక్కల గుర్రమంటే మావయ్యగారిదే. ధర మీరెంత చెబితే అంతేనన్నాడు పాపం.

“వాడు మీ అక్కగారి కొడుకండీ,” అంది ఆయన భార్య దుర్గమ్మ గారు పొయ్యి ఊదుతూ. “ఆ గుర్రానికి ఉలవలు ఉడకబెట్టలేక నా చేతులు పడిపోతున్నాయి. ఇంతా చేసి మీరు దాన్నెక్కి వెళ్లేదెక్కడికి? రేవు దాకా వెళ్లి రావడానికేగా?”

“ఆ రేవు దారిలోనే కదే దణ్ణాలు!”

అదీ నిజమే. మా కోనసీమ వాళ్లకి మర్యాద ఇవ్వడమంటే ఎంత సరదాయో, పుచ్చుకోవడమంటే అంతకు రెట్టింపు సరదా. ఒకపూట అన్నం లేకపోతే కొబ్బరినీళ్లు తాగి పడుకుంటాం గానీ, ఎదురుపడ్డవాడు పలకరించకుండా పోయాడా, ఆ రాత్రికి మాకు నిద్ర లేనట్టే. ఈ జబ్బులో ధర్మరాజు గారు మా అందరికీ పెద్ద. ఆయన గుర్రమెక్కి గట్టు మీద వెళ్తుంటే, చేపలవాళ్లు తట్టలు దించేవారు. కొబ్బరి దింపులవాళ్లు కత్తులు కింద పెట్టేవారు. అందరూ దారి పక్కకి ఒదిగి, రెండు చేతులూ గుండెలకి ఆనించుకుని, తల వంచుకు నిలబడేవారు. అది చూసుకున్న రోజున ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు.

“నా మొహం చూసి ఎవరు దణ్ణం పెడతారే?” అన్నారాయన దిగులుగా. “పొట్ట చూస్తే ఇంత, ఎత్తు చూస్తే ఇంత. నేను గట్టిగా కసిరితే మన వీధికుక్క తోకూపుతుంది. ఆ గుర్రమెక్కితేనే కాస్త మనిషిలా కనపడతాను.”

“పోనీ, ఇవాళొక్కరోజు నడిచి వెళ్లి చూడండి. మీ విలువేంటో తేలిపోతుంది.”

ఆ మాట ఆయనకి బాగానే తోచింది. మేనల్లుణ్ణి మజ్జిగ తాగుతూ ఉండమని, తలపాగా సర్దుకుని రేవు దారి పట్టారు.

చేపల తట్టతో నూకాలమ్మ ఎదురొచ్చింది. రోజూ అందరికంటే ముందు తట్ట దించి చేతులు దగ్గరికి తీసేది ఆమే. ధర్మరాజు గారు ఆగి, చిన్నగా దగ్గారు.

“ఆయ్, ఎండన పడి బయల్దేరేరేంటండి బాబుగారూ! గొడుగన్నా తెచ్చుకోలేదు?” అంది నూకాలమ్మ నవ్వుతూ.

తట్ట దించలేదు. ఒక చెయ్యి తట్ట మీద ఉంది, సరే. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది కదా! ఆయన ఆ చేతివంకే ఆశగా చూశారు. అది హాయిగా ఊగుతోంది గానీ పైకి లేవలేదు. ఆ తర్వాత ఎదురైన వాళ్లూ అంతే. “బాగున్నారాండీ” అన్నారు, “ఆయ్” అన్నారు, చేతులూపుకుంటూ వెళ్లిపోయారు. పలకరింపులకి లోటు లేదు. దణ్ణం మాత్రం ఒక్కటీ లేదు.

రేవు దాకా వెళ్లకుండానే ఆయన వెనక్కి తిరిగారు.

“గుర్రాన్ని అమ్మలేనురా అబ్బాయ్. బిడ్డలా పెంచుకున్నాను,” అన్నారు అల్లుడి మొహం చూడకుండా. 

దుర్గమ్మ గారు గుమ్మంలోంచి ఆయన్ని ఎగాదిగా చూసింది. తాతబ్బాయి లేచి నిలబడ్డాడు.

“ఆయ్, అలాగేనండి మావయ్యగారూ. మిమ్మల్ని కష్టపెట్టి ఆ కొలువు నాకెందుకండి? ఊళ్లో పొలం పనులున్నాయి కదండీ,” అని, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

వాడు వెళ్తూ వెళ్తూ గుర్రం వంక ఒకసారి చూడడం ధర్మరాజు గారి కంట పడింది. ఆయన బాధపడ్డారు. బాధపడుతూనే గుర్రానికి జీను కట్టుకున్నారు.

గట్టెక్కేసరికి నూకాలమ్మ చేపలమ్ముకుని ఖాళీ తట్టతో తిరిగొస్తోంది. ఆయన్ని చూడగానే తట్ట గభాలున దించేసింది. దారి పక్కకి ఒదిగింది. రెండు చేతులూ గుండెలకి ఆనించుకుని తల వంచింది. ధర్మరాజు గారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అల్లుడూ గుర్తు లేడు, వాడి కొలువూ గుర్తు లేదు. ఉదారంగా గుర్రాన్ని ఆమె ముందు ఆపారు.

“పొద్దున మరిచిపోయావు గానీ, నేనేం మనసులో పెట్టుకోలేదులే నూకాలూ. అయినా ఇంతింత దణ్ణాలు నాకెందుకే?”

నూకాలమ్మ తల ఎత్తలేదు. చేతులు ఇంకా గట్టిగా గుండెలకి అదుముకుంది.

“దణ్ణమేంటండి బాబుగారూ? సేతులు దాసుకోకపోతే మీ గుర్రం వేళ్లు కొరికేత్తదండి!”