మీ కుర్చీ ఎంపికైంది

కుర్చీలు డిజైన్ చేసే ఆ ఆఫీసులో కంప్యూటర్లకు కాపలా కాయడం అతని పని. కనిపించిన లింకునల్లా నొక్కొద్దని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి తనే ఒక దొంగ మెయిల్ రాసి డిజైనర్లందరికీ పంపాడు: “మీరు గీసిన కుర్చీ తయారీకి ఎంపికైంది. వివరాలకు ఇక్కడ నొక్కండి.”

నొక్కింది ఒక్కరే. ఆఫీసంతా అక్కా అని పిలిచే పెద్ద డిజైనర్.

నొక్కినవాళ్ల కంప్యూటర్‌కి నెట్ కేబుల్ పీకేయాలని రూలు పెట్టిందీ అతనే. నవ్వు ఆపుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె ఎప్పటిదో ఒక కుర్చీ బొమ్మ తెరిచి, వీపు ఆనే చోట కొలతలు సరిచేస్తోంది.

“ఫ్యాక్టరీకి వెళ్లేలోపు ఇక్కడ కాస్త వంపు తగ్గించాలి తమ్ముడూ.”

అతనికి నవ్వు ఇంకిపోయింది. “అక్కా, ఆ మెయిల్ నేను పంపిందే. ఊరికే, పరీక్షకి.”

ఆమె మౌస్ వదిలేసింది. తనే వంగి కేబుల్ పీకి అతని చేతిలో పెట్టింది.

“మెయిల్ వచ్చిన అడ్రసు మన ఆఫీసుది కాదని చూశాను. అలా చూసుకోమని నేర్పింది నువ్వేగా.”

“మరెందుకు నొక్కారు?”

“ఈ ఒక్కసారికి అడ్రసే తప్పు పడి ఉంటుందనుకున్నాను.”